పావురానికి సాక్షి

కాత్యాయని కాటా మీద అరచెయ్యి ఆనించి, లోపలి వేడి చేతికి తగిలేదాకా ఆగింది. తాకుడు అంటే అంతే. యంత్రం ఉన్నచోటికి కోతదారు స్వయంగా వెళ్ళాలి, చెయ్యి వెయ్యాలి, తన కళ్ళ ముందు అది లేచిందని చూడాలి. ఉంచడమా, కొయ్యడమా అన్నది ఆ తర్వాతి మాట.

డోన్ శివార్లలో మూతబడిన సిమెంటు ఫ్యాక్టరీ గేటు పక్కన ఉన్న లారీల కాటా అది. లేచింది. సున్నా చూపించింది. వాచ్‌మన్ ఎక్కి నిలబడితే అతని బరువు కూడా చెప్పింది. దాని లోపమల్లా ఒక్కటే: దాని సాక్షి కిందటేడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయాడు. లారీల కాటాను ఎవరూ సంచిలో పెట్టుకుని వెళ్ళరు. ఏటా దీని ముందు నిలబడి, యంత్రాలన్నిటినీ నడిపే ఉమ్మడి ప్రోగ్రాము కొత్తది ఎక్కించి, 'నా దగ్గర నడిచింది' అని చెప్పే రాతగాడు ఇప్పుడు లేడు. సాక్షి లేని యంత్రానికి ఆ ప్రోగ్రాము మూలంలో చోటు లేదు. కాత్యాయని పలక మీద కోత గుర్తు నొక్కి, కాటాను ఆ రోజు మూటలో వేసింది.

"బాగానే ఉంది గదా మేడమ్," అన్నాడు వాచ్‌మన్. "చెత్త ఏరుకునేటోళ్ళు వచ్చి దీని మీదనే తూకం ఏసుకుంటారు. రోజూ నేనే లేపుతా. ఇంగ పనిచెయ్యదా?"

"ఉగాది దాకా చేస్తుంది."

ఈ మాట ఆమె నాలుక చివరే ఉంటుంది. ఉగాదికి కొత్త కూర్పు వస్తుంది, పాతది చెల్లకుండా పోతుంది. వాచ్‌మన్‌కు సాక్ష్యం చెప్పే హక్కు లేదు. మూలంలో ఒక్క ముక్కైనా రాసినవాడికే ఆ హక్కు.

నంద్యాల బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో తూనీగ అనే కొత్త ఊపిరి యంత్రం పెట్టె పెట్టుకుని కూర్చుంది. పెట్టె తెల్లగా, తేలిగ్గా, కొత్త చీర పెట్టెలా ఉంది.

ఉమ్మడిని ఎవరైనా రాయవచ్చు. అది ఎవరి సొత్తూ కాదు. పొలాల్లో మోటార్ల నుంచి మనుషుల ఒంటియంత్రాల దాకా అన్నీ దాని మీదే నడుస్తాయి. రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. మంచి ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం పూట ఊరికే కూర్చోలేక లోకోపకారానికి రాసేవాళ్ళు. కాకపోతే ఏ రాతగాడైనా తన బల్ల మీద ఏముంటే దాన్నే రాస్తాడు. తన ఎదురుగా ఆగిపోయినదాన్నే బాగుచేస్తాడు. అందుకే పిల్లికి వేళకు తిండి పెట్టే గిన్నెకు ఇరవైమంది సాక్షులున్నారు. కీబోర్డు కింద ఏ రంగు దీపం వెలగాలన్న దాని మీద నెలల తరబడి కొట్టుకున్నారు. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళు ఛాతీకి కట్టుకునే పావురం అనే ఊపిరి యంత్రానికి మాత్రం మిగిలింది ఒకే ఒక్క సాక్షి. ఇందులో ఎవరి కుట్రా లేదు. పావురం కట్టుకున్నవాళ్ళు రాతగాళ్ళు కారు, రాతగాళ్ళకు పావురం అవసరం పడలేదు. అంతే సంగతి.

ఆ ఒక్క సాక్షి పేరు దస్తగిరి, బేతంచెర్ల మనిషి. ఈ పెట్టె ఆయన కోసమే.

పాత పావురంతో ఆయన అవస్థ పడుతున్నాడని రాతగాళ్ళకు ఎలాగో తెలిసింది. అయ్యో అనుకున్నారు. తలా ఇంత వేసుకుని, ఆయన కొలతలకు తూనీగ చేయించారు. ఊపిరి యంత్రాల్లో అంతకు మించింది లేదు. అది కట్టుకుంటే దస్తగిరి ఇంకో పదేళ్ళు హాయిగా రాసుకుంటాడు. చందా ఇచ్చిన వాళ్ళలో చాలామంది తూనీగ బొమ్మ కింద పువ్వులు పెట్టారు. ఒక ఒంటికి ఒకే యంత్రం, ఒక ఒంటికి ఒకే సాక్ష్యం అన్న నియమం మాట ఎవరూ ఎత్తలేదు. దస్తగిరి తూనీగకు మారిన క్షణాన పావురానికి సాక్షి ఉండడు. ఉగాది తర్వాత, ఇంటింటికీ ప్రాణవాయువు తెచ్చే వీధి గాలిలైను దాన్ని గుర్తుపట్టదు. గుర్తుపట్టని యంత్రానికి మూత తెరవదు. బేతంచెర్ల చుట్టుపక్కల పావురాలు వందల్లో ఉన్నాయి.

బండి కదిలాక ఆమె పలక తీసి, తాకుడు గడువు దాటిన ఒంటియంత్రాలను చూసింది. మొదటిది ఎప్పటిలాగే గుండెతీగ. ఒంటియంత్రాల శాఖకు, కోతలన్నిటికీ పెద్ద అయిన మార్తాండరావు గుండెలో ఉండేది అదే, దానికి సాక్షి కూడా ఆయనే. ఆ శాఖ మొత్తంలో అంత ముద్దుగా రాసిన భాగం ఇంకొకటి లేదు. వారం వారం ఎవరో ఒకరు దాన్ని తుడిచి మెరుగులు పెడుతూనే ఉంటారు. తాకుడు మాత్రం ఒక్కసారీ జరగలేదు. గడువు దాటితే కోతకు అర్హమే, కానీ కోతదారులంతా దాన్ని దాటేసి కిందికి పోతారు. "ఆయన్ను చొక్కా విప్పమని ఎవరు చెప్తారు తల్లీ" అన్నది ఆఫీసులో పాత జోకు. కాత్యాయని కూడా చాలాసార్లు నవ్వింది. ఇప్పుడూ దాటేసి కిందికి పోయింది.

బేతంచెర్లలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. రోడ్డు మీద, చెట్ల మీద, పార్క్ చేసిన ఆటోల మీద తెల్లటి రాతిపొడి. ఇళ్ళ ప్రహరీలు నిలువు నాపబండలు, ఇంటి ముందు అరుగులు నాపబండలు. ప్రతి గుమ్మం దగ్గరా గోడలోంచి గాలిలైను కొళాయి బయటికి వచ్చి ఉంది.

దస్తగిరి మంచం మీద గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఎదురుగా రెండు బండలు పేర్చి, దాని మీద కంప్యూటరు పెట్టుకున్నాడు. ఛాతీ మీద పావురం పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ముక్కులోకి గొట్టం. పెట్టె గురగురమని చప్పుడు చేస్తూంది, ఆ పేరు దానికి అందుకే వచ్చింది.

"రా... మేడమ్," అన్నాడు. కాసేపాగి, "కూర్చో" అన్నాడు. రెండు మాటలకు ఒకసారి ఆగి గాలి తెచ్చుకోవాలి ఆయన.

గురగుర రెండుచోట్ల నుంచి వినిపిస్తూందని కాత్యాయనికి కూర్చున్నాక తెలిసింది. లోపలి నుంచి ఒకామె టీ పట్టుకుని వచ్చింది. కొంగు కింద ఆమె ఛాతీ మీదా ఒక పావురం ఉంది.

"నా భార్య... హుసేన్‌బీ. ఇద్దరమూ... ఒకే ఫ్యాక్టరీ."

కాత్యాయని టీ గ్లాసు పట్టుకుని ఉండిపోయింది. ఆమెకు ఇచ్చిన వివరాల్లో సాక్షికి పెళ్ళాం ఉందన్న మాట లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, హుసేన్‌బీ మూలంలో ఏమీ రాయలేదు.

"ఇది మీకోసం పంపారు," అని పెట్టె తెరిచింది. వెండిరంగు తూనీగ అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది.

దస్తగిరి దాన్ని చాలాసేపు చూశాడు. కళ్ళల్లో ఆశ కనబడింది, దాచుకోలేదు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. ఇది కట్టుకుంటే... దీనికి సాక్షినైపోతా. పావురానికి... ఎవరు చెప్తారు? ఈమెది పోతాది. ఊర్లో... అందరిదీ పోతాది."

"నువ్వు పోతే మాత్రం ఎవరు చెప్తారు?" అంది హుసేన్‌బీ. గొంతులో విసురు ఉంది, కానీ ఆమె కూడా మధ్యలో ఆగి గాలి తీసుకుంది. "డాక్టరు ఏమన్న్యాడు? ఈ చలికాలం... దాటేది కష్టమన్న్యాడు. ఊరికే ఒకసారి ఏసుకోని సూడు. తీసుకోమంటాండానా? ఏసుకోని, తీసేయ్."

దస్తగిరి కాత్యాయని వైపు చూశాడు. "ఏసి తీసేస్తే... ఏం కాదు గదా? వేలిముద్ర... ఒత్తితేనే గదా నమోదు."

పాత పద్ధతి అది. తూనీగలో వేలిముద్ర లేదు. నొక్కడం విసుగని రాతగాళ్ళు తీసేసి, మొదటి ఊపిరికే ఒంటిని నమోదు చేసుకునేలా రాశారు, ఆపైన పాతదానికి తిరిగి రావడం కుదరదు. ఈ సంగతి కాత్యాయనికి బాగా తెలుసు. ఒప్పుకోని సాక్షుల దగ్గర కోతదారులు 'ఒక్కసారి వేసి చూడండి' అంటారు. ఆఫీసులో దాన్ని రుచి చూపించడం అంటారు.

"వేసి చూడండి," అంది.

అబద్ధం ఆడలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేదు, అంతే. ఈయన ఎలాగూ ఎక్కువ కాలం ఉండడు, ఈయన పోతే పావురం ఎలాగూ పోతుంది, కనీసం ఒక్కరైనా బతుకుతారు అని మనసులో సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకోవడం ఆమెకు అలవాటే, ఎప్పుడూ చక్కగా కుదిరేది.

హుసేన్‌బీ తానే మొగుడి ఛాతీ మీది పట్టీలు విప్పి, ముక్కులోంచి పాత గొట్టం తీసి, తూనీగ అమర్చింది. అది చిన్నగా ఒక పాట వాయించింది. దస్తగిరి ఊపిరి పీల్చాడు. పీలుస్తూనే ఉన్నాడు. ఛాతీ పైకి లేచింది, భుజాలు కిందికి దిగాయి, ముఖం నుంచి నీలిరంగు మెల్లగా జారిపోయింది. అంత గాలి లోపలికి వెళ్తుందని ఆయన మరిచిపోయాడేమో, కళ్ళు పెద్దవి చేసుకుని తన ఛాతీనే చూసుకున్నాడు.

"హుసేన్‌బీ, నువ్వు చేసే పప్పులో ఉప్పు ఎక్కువైతాందని మూడేండ్ల నుంచి చెప్పాలనుకుంటాండా, అంత పొడుగు మాటకు ఊపిరి చాలక ఊరికే తింటా వచ్చినా," అన్నాడు ఒక్క గుక్కలో.

హుసేన్‌బీ నవ్వింది. నవ్వుకు ఆమె దగ్గర గాలి చాలక దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వింది. "మూడేండ్లు... తిన్న్యావు గదా. ఇంగ... అదే తిను."

అప్పుడు ఫ్యాను వేగం తగ్గింది. బల్బు ఎర్రబడి, ఆరి, మళ్ళీ వెలిగింది. ఫ్యాక్టరీల్లో రంపాలు ఆన్ చేసినప్పుడల్లా ఆ వీధిలో కరెంటు అలా గుటక వేస్తుంది. రోజూ నాలుగైదుసార్లు జరిగేదే, ఎవరూ తలెత్తి చూడరు.

తూనీగ ఆగిపోయింది. ఆగి, మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. పాట వాయించింది. తనను తాను పరీక్షించుకుంది. భాష ఎంచుకోమంది. దస్తగిరి నోరు తెరిచి, గాలి కోసం మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కాత్యాయని లేచి నిలబడింది, ఏం చెయ్యాలో తెలియక పెట్టెలోంచి వాడుక కాగితం తీసింది. హుసేన్‌బీ కాగితాల కోసం చూడలేదు. తన ముక్కులోంచి గొట్టం లాగి మొగుడి ముక్కులో పెట్టింది. ఆమె పావురం కరెంటు పోయినా, వచ్చినా గురగురమంటూనే ఉంది. దస్తగిరి రెండు ఊపిరులు తీసుకుని గొట్టం ఆమెకిచ్చాడు. ఆమె రెండు తీసుకుని మళ్ళీ ఆయనకిచ్చింది. తూనీగ తయారై, పచ్చదీపం వెలిగించి, స్వాగతం పలికేదాకా ఇద్దరూ ఒక గొట్టం మీద ఉన్నారు.

"కరెంటు గుటకేస్తే నిలబడేది పావురానికి నేనే రాసినా," అన్నాడు దస్తగిరి, మాట్లాడగలిగాక. "మా ఇంట్లో పోతాది కాబట్టి రాసినా. ఇది రాసినోళ్ళ ఇండ్లలో కరెంటు పోదు. వాళ్ళకేం తెలుస్తాది, పాపం." తూనీగ విప్పి పక్కన పెట్టాడు. "ఇంగ నాది నాకియ్యి."

హుసేన్‌బీ పాత గొట్టం పెట్టింది. పావురం గురగురమనలేదు. గాలిలైను కొళాయి దగ్గర ఎర్రదీపం వెలిగింది: ఈ ఒంటికి వేరే యంత్రం నమోదై ఉంది.

దస్తగిరి ఆ దీపం వైపు చూసి, కాత్యాయని వైపు చూశాడు. రాతగాడు కదా, విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ముఖం మళ్ళీ నీలమవుతూంటే తూనీగను తానే ముక్కుకు పెట్టుకున్నాడు.

"మొదటి ఊపిరికేనా?"

"అవును."

"నీకు ముందే తెలుసు."

"తెలుసు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఇన్నేండ్లకు నిండా ఊపిరొచ్చింది. దాన్ని నిన్ను తిట్టేదానికి ఖర్చు పెట్టబుద్ధి కాలేదు పాపా. పో."

హుసేన్‌బీకి విషయం అప్పుడే అర్థమయింది. కొంగు సర్దుకుని, తన పావురం మీద చెయ్యి వేసుకుంది. "నాకు ఎన్నాళ్ళు మేడమ్?"

కాత్యాయని నాలుక చివర ఉన్న మాట వెంటనే రాలేదు. "ఉగాది దాకా," అంది.

హుసేన్‌బీ తల ఊపి, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. గ్లాసులు కడుగుతున్న చప్పుడు, దాని వెనక గురగుర. కాత్యాయనికి తన మీద తనకు రోత పుట్టింది. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది.

పలకలో పావురం పక్కన సాక్షి ఉండాల్సిన చోటు ఖాళీ అయింది. కోత గుర్తు దానంతటదే సిద్ధంగా నిలబడింది. తను నొక్కకపోతే రేపు ఇంకొకరు వచ్చి నొక్కుతారు. నొక్కింది. పావురం ఆ రోజు మూటలో, లారీల కాటా పక్కన చేరింది.

మూటకు ఒక నియమం ఉంది. ఒకసారి కట్టాక విడదీయడం కుదరదు. పెద్ద ఒప్పుకుంటే అన్నీ పోతాయి. వెనక్కి తేవాలంటే అన్నీ వెనక్కి రావాలి, ప్రతిదానికీ సాక్షి దొరకాలి. కోతదారులు ఒక్కొక్కదాని మీద వాదులాడకుండా మార్తాండరావు పెట్టిన నియమమే. ఆయన ఏ మూటనూ విప్పి చూడడు. మూట అందిన వెంటనే ఒప్పుదల వచ్చేస్తుంది.

కాత్యాయని గడువు దాటిన యంత్రాలు తెరిచింది. మొదటిదాని దగ్గర ఆగింది. తాకుడు జరగలేదు, కోతకు అర్హం. గుండెతీగను మూటలో వేసి, ముడి వేసి పంపింది. తను మంచిపని చేస్తున్నానన్న భ్రమ ఏమీ లేదు. ఆ ముసలి మార్తాండరావు ముఖం నీలమైతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది, నిజంగానే అనిపించింది.

ఒప్పుదల వచ్చింది. ఎప్పటిలాగే, మర్యాదగా, ధన్యవాదాలతో.

ఫోను మోగేసరికి అరుగు మీద ఎండ ఇంకా అలాగే ఉంది.

"కాత్యాయనీ, ఏదో పొరపాటు జరిగిందమ్మా," అన్నాడు మార్తాండరావు. నెమ్మదైన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "నా గుండెతీగ కోతలో పోయిందని చూపిస్తోంది. కోత ఒప్పుకున్నది కూడా నేనేనట."

"పొరపాటు కాదు సార్. తాకుడు జరగలేదు."

"అది నా గుండెలో ఉందమ్మా."

"తెలుసు సార్."

"సరే, వెనక్కి తీయించు."

"మూట మొత్తం రావాలి సార్. అందులో పావురం ఉంది, డోన్‌లో ఒక లారీల కాటా ఉంది. వాటికి సాక్షులు కావాలి."

"లేరనేగా కోశావు!"

"ఉన్నారు సార్. కాటాను ఒక వాచ్‌మన్ రోజూ లేపుతాడు. పావురం కట్టుకుని ఇక్కడ హుసేన్‌బీ అని ఒకామె ఉంది. ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా ఇంకొకరు దొరుకుతారు. నడిచిందో లేదో వాళ్ళే చెప్తారు. కాకపోతే వాళ్ళెవరూ మూలంలో ఏమీ రాయలేదు. రాసినవాడే సాక్షి అన్న నియమం మీది. మీరే మార్చాలి."

"ఇది బెదిరింపు."

"ఏమో సార్. నేను రోజూ చేసే పనే ఇది. మీకు చేయడం ఇదే మొదలు."

"ఆ నియమం తీసేస్తే ఏమవుతుందో నీకు తెలుసా? రేపు వీధిలో పోయేవాడల్లా..." ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. ఊపిరి బరువుగా వినిపించింది. భయపడినవాళ్ళ ఊపిరి ఆమెకు బాగా తెలుసు, గుమ్మాల్లో చాలాసార్లు విన్నది. ఫోను పెట్టెయ్యకుండా అలాగే పట్టుకుంది, ఆయనా పెట్టెయ్యలేదు.

హుసేన్‌బీ తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు... మేడమ్ ఫోన్లో?"

"మీ మాదిరే ఒంటికి యంత్రమున్న మనిషి."

"ఆయప్పది కూడా... ఆగిపోతాదా?"

"ఉగాది దాకా ఉంటుంది."

హుసేన్‌బీ ఫోను వైపు చూసింది. ఆమె ఛాతీ మీద పావురం గురగురమంటూంది.

"పాపం," అంది.